ఇల్లంతా గడపే

పడగ్గదికి చెక్క నేల వేయిద్దామని హైదరాబాదులో ఒక షాపుకి వెళ్ళాం, అమ్మా నేనూ. సేల్స్ కుర్రాడు అరచెయ్యంత నమూనా పలకలు వరసగా పేర్చాడు. తెల్ల ఓక్, హికరీ, వాల్‌నట్, చివర్లో తేనెరంగుది ఒకటి. "ఇది బర్మా టేక్ మేడమ్, తరాలు చూస్తుంది" అన్నాడు. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "ఇది గడపకి వేసే చెక్క కదే. గడపే తొక్కకూడదంటాం. నువ్వు ఇల్లంతా గడప చేసి తొక్కుతావా?" అంది.

కుర్రాడు నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చింది.

నిజమే. మన ఇళ్ళలో చెక్క పైనుండేది, దూలాల్లో, వాసాల్లో. లేదా ద్వారబంధంలో, పసుపు పూసిన గడపలో. కాలి కింద మాత్రం పేడతో అలికిన మట్టి, లేకపోతే కడప రాయి, షాబాదు బండ. చెదలున్న చోట, బిందెల కొద్దీ నీళ్ళు పోసి ఇల్లు కడిగేవాళ్ళున్న చోట నేలకి చెక్క వేయడం తెలివైన పని కాదు. చెక్క నేల చలి దేశాల అవసరం. దాన్ని మనం ఫొటోల్లో చూసి ముచ్చటపడ్డాం. నాతో సహా.

అసలు టేకు అంత గట్టిదేం కాదు. ఉక్కు గుండుని చెక్కలోకి సగం దాకా దిగేలా నొక్కి, అందుకు పట్టిన బలాన్ని కొలుస్తారు. దాన్నే జాంకా పరీక్ష అంటారు. అందులో తెల్ల ఓక్‌ది 1360, టేకుది వెయ్యి పైచిలుకు. టేకు గొప్పతనం వేరు. దానిలో నూనె ఉంటుంది. చెద పట్టదు, వానకి ఉబ్బి ఎండకి వంకర్లు పోవడం తక్కువ. ఓక్‌లో ఉండే ఆమ్లం ఇనప మేకుల్ని తినేస్తుంది, టేకు తినదు. ఓడలు కట్టీ కట్టీ తమ ఓక్ అడవులు పల్చబడ్డాక ఇంగ్లీషువాళ్ళు టేకు వెంట పడింది ఇందుకే. ముందు మలబారు అడవులు, తర్వాత బర్మా.

పచ్చి టేకు దుంగ నీళ్ళలో మునిగిపోతుంది. అందుకని చెట్టు మొదట్లో చుట్టూ బెరడూ, దాని కిందున్న కొంత చెక్కా తీసేసి వదిలేస్తారు. చెట్టు నిలబడే చచ్చిపోయి, రెండు మూడేళ్ళు అలాగే ఎండుతుంది. అప్పుడు నరికి, ఏనుగుల చేత వాగుల్లోకి లాగిస్తే, వరదొచ్చినప్పుడు దుంగలు కదిలి నదులమ్మట రంగూన్ చేరేవి. అడవి నుంచి రంపం దాకా రావడానికి ఒక్కోసారి ఏళ్ళు పట్టేది.

ఈ దుంగల లెక్క దగ్గరే ఒక రాజ్యం పోయింది. 1863లో పుట్టిన బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ అనే కంపెనీ బర్మా రాజు అడవుల్లో టేకు కొట్టుకునేది. తీసిన దుంగలు ఎక్కువ, చూపించినవి తక్కువ అని 1885లో రాజు తీబా కొలువు ఆ కంపెనీకి 23 లక్షల రూపాయల జరిమానా వేసింది. నవంబర్లో ఇంగ్లీషు సైన్యం పడవల మీద ఇరావతి ఎక్కింది. రెండు వారాల్లో మాండలే చేతికొచ్చింది. 1886 జనవరి 1న బర్మాని కలిపేసుకున్నారు. తీబాని రత్నగిరికి పంపేశారు, 1916లో అక్కడే పోయాడు. యుద్ధం టేకు కోసమే జరిగిందనను. ఫ్రెంచివాళ్ళు అక్కడ కాలుపెడతారన్న భయం పెద్దది. కానీ చేతికందిన సాకు టేకు దుంగలే. ఆ రాజు ఉన్న కోట కూడా టేకుతో కట్టిందే. 1945లో యుద్ధంలో కాలిపోయింది.

రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనేవాళ్ళు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలమంది ఓడెక్కి రంగం పోయి, రేవుల్లో, బియ్యం మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో కూలి చేశారు. అక్కడి ఇంగ్లీషు రికార్డుల్లో వాళ్ళ పేరు 'కోరంగీలు', కాకినాడ పక్కనున్న పాత రేవు కోరంగి మీదుగా వచ్చిన పేరు. 1930 మేలో రేవు కూలీల సమ్మె మీద మొదలైన గొడవల్లో బర్మావాళ్ళ చేతుల్లో ఈ కూలీలు చాలామంది చచ్చిపోయారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. విశాఖ కంచరపాలెంలో ఇప్పటికీ బర్మా క్యాంప్ అనే పేట ఉంది.

అలా నడిచొచ్చినవాళ్ళలో మా అమ్మమ్మ నాన్న ఒకడు. రంగంలో రంపపు మిల్లులో చేశాడు. ఆయనకి ఎడమచేతి చిటికెనవేలు ఉండేది కాదని అమ్మమ్మ చెప్పేది. ఊళ్ళో ఇల్లు, దానికి ఉన్న ఆ ఒక్క టేకు గడపా ఆయన పంపిన డబ్బుతో చేయించినవే. షాపులో పలకని తిప్పి చూస్తున్నప్పుడు అమ్మ ఈ సంగతేమీ ఎత్తలేదు. ఇంటికొచ్చాక నేనే అడిగి చెప్పించుకున్నాను.

రెండోసారి షాపుకి ఒక్కదాన్నే వెళ్ళాను. మయన్మార్ ప్రభుత్వం 2014 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. 2021లో సైన్యం గద్దెనెక్కాక అక్కడి ప్రభుత్వ కలప సంస్థ మీద అమెరికా, యూరప్ ఆంక్షలు పెట్టాయి. ఎందుకంటే ఆ డబ్బు సైన్యానికి పోతుంది. "ఈ చెక్క ఎక్కడ్నుంచి వస్తుంది? కాగితాలున్నాయా?" అని అడిగాను.

"బర్మా టేక్ అంటే క్వాలిటీ పేరు మేడమ్" అన్నాడు కుర్రాడు, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు. నైజీరియాదో, ఘనాదో, ఏదైనా కావచ్చట. అతని తప్పేం లేదు, అతనికి అలాగే నేర్పారు. ఒక దేశం పేరు, ఒక యుద్ధం, మా ముత్తాత చిటికెనవేలు, అన్నీ కలిసి రేట్ల పట్టీలో ఒక గ్రేడ్ అయిపోయాయి.

చివరికి ఓక్ తీసుకున్నాను, పైన నాలుగు మిల్లీమీటర్ల అసలు చెక్క, కింద ప్లైవుడ్. ఏ దేశపు అడవిదో కాగితం మీద చూపించారు. నేల వేసిన రోజు అమ్మ చెప్పులు విడిచి గది అంతా అటూ ఇటూ నడిచింది. "చల్లగా లేదే" అంది. బాగుందనో బాలేదనో చెప్పలేదు. నీళ్ళు పోసి కడగకూడదు, గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలంతే అంటే మాత్రం ఒప్పుకోలేదు.

"కడగని నేల నేలేమిటే" అని బకెట్ కోసం వెళ్ళింది.