గొంతు చిన్నదైతేనేం!

మా అబ్బాయి ఎవరో వాడేసిన ఎలక్ట్రిక్ గిటారొకటి చవగ్గా కొనుక్కొచ్చాడు. "ఏదీ, వాయించు" అన్నాను. వాయించాడట. పోపు చిటపటల మధ్య నాకేమీ వినిపించలేదు. దగ్గరికెళ్లి చెవి పెడితే దోమ గీపెట్టినట్టు సన్నగా ఏదో వినబడింది.

"ఇంతేనా?" అన్నాను.

"దీనికి యాంప్లిఫయర్ వుండాలమ్మా. కొనాలంటే ఈ గిటారుకంటే ఖరీదు. మనమే చేసుకుందాం. నువ్వు సాయం వుంటే చాలు" అన్నాడు.

నేనా! బి.ఏ.లో హిస్టరీ చదివినదాన్ని. పుట్టింట్లో ఫ్యూజు పోతే అన్నయ్య స్టూలెక్కేవాడు, నేను కింద కొవ్వొత్తి పట్టుకునేదాన్ని. అత్తవారింటికొచ్చాక స్టూలెక్కే మనిషి మారారు గాని, నా కొవ్వొత్తి మారలేదు. కరెంటు పనులు మనవల్ల కావని నాకంత గట్టి నమ్మకం. అయినా చదివిన చదువు వూరుకోనిస్తుందా? ఈ పెట్టె ఎవరికి కావలసి వచ్చింది, ఎందుకు కావలసి వచ్చింది అని పుస్తకాలు తిరగేశాను. తీరా చూస్తే ఆ కథ మొదలైంది ఓ ఇంటి భోజనాల బల్లమీద!

1920లలో అమెరికాలో డాన్సు బాండ్ల హోరు ఎక్కువ. ట్రంపెట్లూ, సాక్సఫోన్లూ, డ్రమ్ములూ మోగుతుంటే గిటారు గొంతు, పెళ్లిబాజాల మధ్య ముసలమ్మగారి దీవెనలా, ఎవరికీ వినిపించేది కాదు. లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ బీచమ్ అనే గిటారు వాద్యగాడికి ఇదే బెంగ. ఇంట్లో భోజనాల బల్లమీద అయస్కాంతాలూ రాగితీగా పెట్టుకుని కూర్చున్నాడు. ఆ సన్నతీగని చుట్లు చుట్లుగా చుట్టడానికి మోటారు కావాలి కదా! బట్టలుతికే మెషీనుది పీకాడని కొందరంటారు, కాదు కుట్టుమెషీనుదని మరికొందరంటారు. ఏదైతేనేం, ఇంటి సామానే! 1931లో తయారైన ఆ గిటారుకి గుండ్రటి వొళ్లూ, పొడుగాటి కాడా వుండడంతో అందరూ 'ఫ్రయింగ్ పాన్' అన్నారు. అంటే మన వేపుడు మూకుడన్నమాట. 1937లో దానికి పేటెంటు వచ్చింది. ఆ ఇంటి ఇల్లాలి వోపికకి మాత్రం ఎవరూ పేటెంటు ఇవ్వలేదు.

కిటుకేమిటంటే, ఉక్కు తీగ అయస్కాంతం దగ్గర అదిరితే పక్కనున్న రాగితీగ చుట్టలో సన్నటి కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే తేల్చిచెప్పిన సంగతే ఇది. అయితే ఆ కరెంటు చీమంత. స్పీకరు కదలాలంటే దాని బలం చాలదు. మేడమీద ట్యాంకు నిండా నీళ్లున్నాయనుకోండి. కింద కుళాయిని చంటిపిల్ల తిప్పినా ధార జోరుగానే వస్తుంది. ఆ జోరు పిల్లది కాదు, ట్యాంకుది. యాంప్లిఫయర్‌లో ట్యాంకు బ్యాటరీ, చంటిపిల్ల మన చీమ కరెంటు. కుళాయి పని మొదట 1906లో లీ డి ఫారెస్ట్ కనిపెట్టిన వాల్వు చేసింది. 1947 డిసెంబరులో బెల్ లేబొరేటరీలో పుట్టిన ట్రాన్సిస్టరు, వేలిగోరంతయినా లేకుండానే ఆ పని అందుకుంది.

మరి యాంప్లిఫయర్లకి పేరు తెచ్చిన లియో ఫెండర్ ఏం చదివాడనుకున్నారు? అకౌంటెన్సీ! ఎలక్ట్రానిక్స్ తనంతట తనే నేర్చుకున్నాడు. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టాడు. వాద్యగాళ్లు పాడైపోయిన యాంప్లిఫయర్లు తెచ్చేవారు. ఏది ఎక్కడ చెడుతోందో చూసి చూసి, చెడకుండా చెయ్యడమెలాగో పట్టేశాడు. తమాషా ఏమిటంటే, ఆయనకి గిటారు వాయించడం మాత్రం ఎన్నడూ రాలేదు.

ఇంగ్లండులో క్వీన్ బృందంలోని జాన్ డీకన్ కథ ఇంకా బాగుంటుంది. ఆయన ఎలక్ట్రానిక్స్ చదివినవాడే. 1972 ప్రాంతంలో లండన్‌లో చెత్తలో ఎవరో పారేసిన సర్క్యూటు బోర్డు కనబడితే ఇంటికి తెచ్చి, ఓ స్పీకరు పెట్టెలో బిగించి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తగిలించాడు. సౌండు హెచ్చుతగ్గులు చేసే మీటైనా లేదు దానికి. వాళ్ల గిటారిస్టు బ్రయాన్ మే వాయించే గిటారు కూడా తండ్రీ కొడుకులు ఇంట్లో చేసుకున్నదే. 1975లో వచ్చిన 'గుడ్ కంపెనీ' పాటలో జాజ్ మేళమంతా దిగినట్టు వినిపించేది ఆ గిటారూ, ఆ చెత్తలో దొరికిన పెట్టే!

ఇదంతా చదివాక నాకూ ధైర్యం వచ్చింది. ఓ ఆదివారం మా భోజనాల బల్ల ఖాళీ చేశాం. ఎల్.ఎం. 386 అనే చిప్పు, ఎనిమిది కాళ్ల నల్లపురుగులా వుంది. హోటల్లో కాఫీ ఖరీదు పెడితే వస్తుంది. నాలుగు కెపాసిటర్లు, ఒక రెసిస్టరు, వాల్యూము తిప్పేదొకటి, చిన్న స్పీకరు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ. అంతే సరంజామా. అంత చిన్న బ్యాటరీతో షాకు భయం లేదు. పాత వాల్వు యాంప్లిఫయర్ల జోలికి మాత్రం నాలాంటివాళ్లు పోకూడదు. వాటిలో వందల వోల్టులుంటాయి, ప్లగ్గు పీకేశాక కూడా లోపల కాసుకునుంటాయి.

సాల్డరింగు నేనే చేశాను. స్విచ్చి వేస్తే వులుకూ పలుకూ లేదు. చిప్పు మాత్రం పెనంలా కాలింది. మావారు పేపరు దించి, "కొవ్వొత్తి తేనా?" అన్నారు. రోషం ముంచుకొచ్చింది. తీరా చూస్తే చిప్పుని తిరగేసి పెట్టాను. కొత్తది తెచ్చి పెడితే గిటారు గొంతెత్తింది, దాంతోపాటే గుయ్యిమని ఒకటే రొద. సరంజామానంతా అట్టపెట్టెలోంచి రేకు బిస్కెట్ల డబ్బాలోకి మార్చి, ఆ రేకుని బ్యాటరీ నెగెటివ్ తీగకి కలిపాం. గోడల్లోని కరెంటు తీగల గోల లోపలికి రాకుండా రేకు అడ్డుపడుతుంది. రొద చాలామటుకు తగ్గింది.

ఈ సందడికి మా అమ్మ గదిలోంచి వచ్చింది. అమ్మకి పెళ్లినాటికే వీణ బాగా వచ్చు. పదిమందున్న అత్తవారింట్లో ఆ మెత్తటి నాదం వినే తీరికెవరికి? అటకెక్కింది. ఆ డబ్బాకేసి కాసేపు చూసి, "వీణకి కూడా ఇలాంటిది పెట్టచ్చుటే?" అంది.

ఎందుకు పెట్టకూడదు? సభల్లో విద్వాంసులు వీణకి కాంటాక్టు మైకు తగిలించుకుంటూనే వున్నారు. మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయించి మెప్పించింది ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే కదా!

వీణకి కొత్త తీగలు వేయించాం. బజరులో వుండే గుండ్రటి పీజో బిళ్ల ఒకటి తెచ్చి కుండకి అంటించి, మా డబ్బాకి కలిపాం. అమ్మ వణుకుతున్న వేళ్లతో శ్రుతి చేసుకుని సరళీ స్వరాలు మొదలుపెట్టింది. నాదం కాస్త రేకు పలుకు పలికింది, అయినా హాలు చివరిదాకా వినబడింది.

మావారు ఎవరూ చెప్పకుండానే లేచి టీవీ కట్టేశారు.