మామిడి వెంకయ్య సాక్ష్యము – తెలుగు భాషాశాస్త్రారంభము

షడంగములలో శిక్ష, వ్యాకరణము, నిరుక్తము, ఛందస్సు అను నాలుగును వాక్కును గూర్చిన శాస్త్రములే. నేడు విశ్వవిద్యాలయములలో భాషాశాస్త్రమును ఆరంభించు విద్యార్థి ధ్వని, వర్ణము, పదనిర్మాణము, వాక్యనిర్మాణము, అర్థము అను విభాగములను చదువును. శిక్షయు, వ్యాకరణమును, నిరుక్తమును ఎరిగిన వారికి ఇవి పూర్తిగా అపరిచితములు కావు. కాని భాషలను పోల్చి వాటి బంధుత్వమును నిర్ణయించు చారిత్రక భాషాశాస్త్రము అర్వాచీనము. తెలుగునకు సంబంధించి దాని ఆరంభమున కృష్ణాతీర పండితుడొకడు సాక్షిగా నిలిచెను.

విజయవాడలో పటమట మీదుగా సాగు బందరు రహదారి మచిలీపట్టణమునకు చేరును. ఆంధ్రదీపిక అను నిఘంటువును రచించిన మామిడి వెంకయ్య ఆ పట్టణవాసి. ఆయన తన పీఠికలో పూర్వ వైయాకరణుల ననుసరించి తెలుగు పదములను తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములుగా విభజించెను.

తెలుగు సంస్కృతజన్యమని ఆనాటి ఆంగ్ల పండితులు పలువురు తలచిరి. మద్రాసు కలెక్టరుగా నుండిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆ మతమును ఖండించెను. 1816లో ప్రచురితమైన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన ప్రకరణములో ఆయన ధాతువులను, పదములను, వాక్యరీతిని క్రమముగా పరీక్షించి, తెలుగు, తమిళ, కన్నడములు ఏకకుటుంబమునకు చెందినవని నిరూపించెను. పదవిచారమున ఆయనకు ఆధారమైనది వెంకయ్య పీఠికయే. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణము వెలువడినది 1856లో. అనగా నలువది సంవత్సరముల అనంతరము.

ఈ విచారణ ఎట్లు సాగునో డెల్టా ప్రజలకు నిత్యపరిచితమైన ‘చెరువు’ అను ఒక్క పదమున చూడవచ్చును. దీని ఆదివర్ణము తాలవ్య చకారము, ‘చాప’లోనిది దంత్యము. తరువాతి అచ్చును బట్టి కలుగు ఈ భేదము వర్ణశాస్త్ర విషయము. ‘చెరువులు’ అనుటలో ‘లు’ ప్రత్యయము పదనిర్మాణ విషయము. కన్నడమున ఇదే ‘కెరె’. ‘చెవి’ అచట ‘కివి’. ‘చెదరు’ అచట ‘కెదరు’. ఇ, ఎ అను అచ్చులకు ముందున్న ప్రాచీన కకారము తెలుగున చకారమైనదని ఈ క్రమము తెలుపును. యాదృచ్ఛికమైన పోలిక బంధుత్వమునకు ప్రమాణము కాదు. నియతమైన మార్పే ప్రమాణము. అట్లే ‘మనము’, ‘మేము’ అను అర్థభేదము సంస్కృత ‘వయమ్’లో లేదు, తమిళమున ‘నామ్’, ‘నాంగళ్’ అని కలదు.

ఈ మార్గమున 1961లో తెలుగు ధాతువులపై ప్రామాణిక గ్రంథమును వెలువరించిన భద్రిరాజు కృష్ణమూర్తి, 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్ర శాఖను నెలకొల్పిరి. వ్యవసాయదారుల, నేతగాండ్ర నోటి మాటలను సేకరించి మాండలిక వృత్తిపదకోశములను కూర్చిరి. గ్రామ్యమని పక్కన నుంచబడిన పదము అట్లు శాస్త్రమున ప్రమాణమైనది.

తెలుగు సంస్కృతమునకు పుత్రిక కాదనుట గీర్వాణవాణికి అవమానమని కొందరు ఆస్తికులు నేటికిని బాధపడుదురు. ఆ బాధకు హేతువు లేదు. తత్సమ, తద్భవములకు వేరుగా ‘దేశ్యము’ అను విభాగమును నిలిపినవారు సంస్కృతమును అధ్యయనము చేసిన మన వైయాకరణులే. సంస్కృతమునుండి మనము స్వీకరించిన పదసంపద అపారము. ఆ ఋణమును అంగీకరించుటకు జన్మసంబంధమును కల్పింపనక్కరలేదు. ఉన్నదానిని ఉన్నట్లు గ్రహించుటయే కదా జ్ఞానము.