నాడి, ఊపిరి, క్లోరోఫామ్: హైదరాబాదు కమిషన్ల వాదం

అమలాపురం, రాజోలు ప్రాంతాల్లో, ఆ మాటకొస్తే తెలుగునాట ఎక్కడైనా, వైద్యుడు ‘నాడి చూశాడు’ అంటే మణికట్టు దగ్గర రక్తనాళపు కొట్టుకోలును పరీక్షించాడని అర్థం. జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో మాత్రం నాడి అంటే నరం. గుండె వేగాన్ని నరాలు నియంత్రిస్తాయి కనుక ఈ రెండర్థాల మధ్య బంధుత్వం లేకపోలేదు. ఆ బంధుత్వమే ప్రాణాంతకమైన వివాదంగా పరిణమించిన చోటు హైదరాబాదు.

క్లోరోఫామ్ మత్తులో రోగి మరణిస్తే ముందుగా ఆగేది గుండెయా, ఊపిరియా? రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో సైమ్ శిష్యులు. ఊపిరినే గమనించాలి, నాడిని కాదన్నది గురువు బోధ. దానిని నిరూపించడానికి 1888లో తొలి కమిషన్ ఏర్పడింది. లాన్సెట్ పత్రిక సందేహించగా, నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చి ఆ పత్రిక ప్రతినిధినే రప్పించారు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చారు. తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఈ కృషిలో పాల్గొన్నారు. కుక్కలు, కోతులపై వందలాది ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని తీర్మానించారు.

వేగస్ నాడిని ప్రేరేపిస్తే గుండె నెమ్మదిస్తుందని వేబర్ సోదరులు 1845లోనే చూపారు. కమిషన్ కూడా ఆ నాడిని ప్రేరేపించింది. ప్రేరణ కొనసాగుతున్నా గుండె తేరుకోవడం గమనించింది. గుండె నెమ్మదిస్తే రక్తం క్లోరోఫామ్‌ను తక్కువగా మోసుకుపోతుంది కనుక అది రక్షణేనని వాదించింది. ఈ తర్కం తేలికగా కొట్టివేయదగినది కాదు. గుండె వేగాన్ని, ఒక్కో సంకోచంలో వెలువడే రక్తపరిమాణంతో హెచ్చిస్తే నిమిషానికి ప్రవహించే రక్తం తేలుతుంది. విశ్రాంతిలో అది సుమారు 5 లీటర్లు. వేగం బాగా పడిపోతే ఈ మొత్తమూ తగ్గుతుంది.

అయితే వారి దృష్టి ప్రధానంగా గుండెకు కళ్లెం వేసే నాడిపైనే నిలిచింది. గుండెను ఉరికించే సహానుభూత నాడులు, వాటితో కలిసి పనిచేసే అడ్రినలిన్ ఆ లెక్కలోకి రాలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాల్లో, తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో అడ్రినలిన్ ఎక్కిస్తే జఠరికలు క్రమం తప్పి కంపించి గుండె ఉన్నట్టుండి ఆగిపోయేది. అంటే అపాయం మత్తు ఎక్కువైనప్పుడు మాత్రమే కాదు, చాలనప్పుడూ ఉంది. రోగి భయపడి పెనుగులాడే తొలి నిమిషాల్లో శరీరమే అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. అప్పుడు ఊపిరి ఇంకా ఆడుతుండగానే నాడి అందకుండా పోతుంది.