అద్దాల బీరువాలు - పచ్చిక బయళ్ళు

లండను నగరమునకు వాయవ్య దిశగా చిల్టర్న్ అను సుద్దకొండలు కలవు. ఆ ప్రాంతములో ట్రింగ్ అను చిన్న పట్టణమున ఒక విచిత్రమైన జంతు ప్రదర్శనశాల ఉన్నది. దానికి కొద్ది మైళ్ళ దూరములోనే విప్స్నేడ్ అను జంతువనము ఉన్నది. ఉదయము ఒకదానిని, మధ్యాహ్నము రెండవదానిని చూచి సాయంత్రమునకు తిరిగి లండను చేరవచ్చును. రెండింటిని ఒకే దినమున చూచినవారికి, జంతువుల విషయములో మానవుని దృష్టి ఎట్లు మారినదో చక్కగా బోధపడును.

ట్రింగ్ ప్రదర్శనశాల నిజమునకు ఒక పుట్టినరోజు కానుక. ఐరోపాలో పేరుమోసిన బ్యాంకు యజమానుల కుటుంబములో 1868లో వాల్టర్ రాత్‌స్చైల్డ్ జన్మించెను. బ్యాంకు వ్యవహారములకంటె పక్షులు, కీటకములు అతనికి ప్రియమైనవి. కుమారునికి 21 ఏండ్లు నిండిన సందర్భమున తండ్రి 1889లో ఈ భవనమును కట్టించి ఇచ్చెను. 1892లో ప్రజలకు ప్రవేశము లభించినది. జీబ్రాలను బండికి పూన్చి లండను వీధులలో తోలిన ఘనుడు వాల్టర్. ప్రపంచపు నలుమూలలనుండి అతడు 20 లక్షలకు పైగా సీతాకోక చిలుకలను, చిమ్మటలను, సుమారు 3 లక్షల పక్షి చర్మములను, 2 లక్షల గ్రుడ్లను తెప్పించెను. డబ్బు ఇబ్బందులవలన పక్షి చర్మములలో అధికభాగమును 1932లో అమెరికాకు అమ్మవలసి వచ్చెను. 1937లో అతడు మరణించిన పిమ్మట ప్రదర్శనశాల బ్రిటిష్ మ్యూజియమునకు సంక్రమించినది.

ఇచ్చటి బీరువాలలో నిలిచియున్న జంతువులలో క్వాగా ఒకటి. ముందు సగము జీబ్రావలె చారలు, వెనుక సగము గుర్రమువలె గోధుమ వన్నె. ఇది దక్షిణాఫ్రికా మైదానములలో మందలు మందలుగా తిరిగెడిది. మాంసము కొరకు, తోలు కొరకు, తమ గొఱ్ఱెల మేత కాపాడుకొనుట కొరకు వలసవచ్చిన రైతులు దానిని వేటాడిరి. 1883 ఆగస్టు 12న ఆమ్‌స్టర్‌డామ్ జంతుశాలలో ఒక క్వాగా మరణించెను. అదియే చివరిదని ఆనాడు ఎవ్వరును గుర్తింపలేదు.

ఇక విప్స్నేడ్‌లో అద్దాలు లేవు. లండను జువలాజికల్ సొసైటీ పాడుపడిన వ్యవసాయ క్షేత్రమును కొని, సుమారు 600 ఎకరాలలో 1931 మే 23న ఈ వనమును తెరచెను. జంతువులను ఇరుకు బోనులలో గాక, విశాలమైన బయళ్ళలో మందలుగా పెంచి సంతతిని వృద్ధి చేయుట సర్ పీటర్ చామర్స్ మిచెల్ సంకల్పము.

ఇచ్చట మీలూ అను చైనా దుప్పి కలదు. 1865లో అర్మాన్ డేవిడ్ అను ఫ్రెంచి మతాచార్యుడు బీజింగు వద్ద రాజుగారి వేటతోట గోడ పైనుండి దీనిని చూచెను. అప్పటికే అడవులలో అది కానరాదు. 1895 వరదలలో గోడ కూలి అనేక దుప్పులు నశించినవి. 1900 నాటి యుద్ధములో మిగిలినవియు పోయినవి. అయితే ఐరోపాకు ముందే చేరిన దుప్పులలో 18 జంతువులను బెడ్‌ఫర్డ్ ప్రభువు ఇంగ్లండులోని వోబర్న్ తోటలో కూడబెట్టెను. వాని సంతతి తరువాత విప్స్నేడ్ మొదలగు చోట్లకు చేరినది. 1985లో వోబర్న్ దుప్పులు బీజింగుకు తిరిగి వెళ్ళినవి. 1986లో మరి 39 దుప్పులు ఇంగ్లండునుండి చైనా సముద్రతీరమునకు చేరినవి. నేడు ఆ దేశములో అవి వేల సంఖ్యలో ఉన్నవి.

అట్లని ట్రింగ్ వంటి ప్రదర్శనశాలలు నిరుపయోగములని తలపరాదు. 1984లో శాస్త్రజ్ఞులు జర్మనీలోని ఒక క్వాగా చర్మమునుండి డి.ఎన్.ఏ. తీసి, అది జీబ్రాకు దగ్గరి చుట్టమని తేల్చిరి. 1967లో డెరెక్ రాట్‌క్లిఫ్ పూర్వులు సేకరించిన డేగ గ్రుడ్ల పెంకులను క్రొత్తవానితో పోల్చి, రెండవ ప్రపంచయుద్ధానంతరము పెంకులు పలుచబడినవని చూపెను. దానికి డి.డి.టి. కారణమని పిమ్మట రుజువైనది. పాత గ్రుడ్లు లేనిచో ఈ అపాయము బయటపడియుండెడిది కాదు.

చర్మము జ్ఞానము నీయగలదు, ప్రాణము నీయజాలదు. క్వాగాకును మీలూకును గల భేదము 18 సజీవ జంతువులే. వానిని సకాలములో కూడబెట్టిన ఒక తోట ఉండుటవలననే మీలూ మిగిలినది. క్వాగాకు అట్టి తోట లేకపోయెను.