పన్నెండు బల్లల పేకాట

2012 డిసెంబరు, టొరంటోలో ఆదివారం సాయంత్రం. రెండు మానిటర్ల మీద ఆరేసి చొప్పున పన్నెండు పోకర్ బల్లలు పరుచుకుని కూర్చున్నావు. ఒక్కో బల్లకూ తొమ్మిది కుర్చీలు. బ్లైండ్లు, అంటే ముక్కలు పంచకముందే ఇద్దరు పెట్టాల్సిన పందేలు, 5, 10 సెంట్లు. ప్రతి బల్ల మీదా నీవి పది డాలర్లు.

టింగ్. మూడో బల్ల: జాకీ, నాలుగు. ఫోల్డ్. తొమ్మిదో బల్ల: రాజు, రెండు. ఫోల్డ్. ఒకటి, పన్నెండు, ఆరు... ఫోల్డ్, ఫోల్డ్, ఫోల్డ్. బల్లకు గంటకు 70 ఆటల లెక్కన, అన్నీ కలిపి నిమిషానికి పద్నాలుగు. నూటికి ఎనభై అయిదుసార్లు ముక్కలు చూడగానే పారేస్తావు.

మనుషుల మొహాలు లేవు. ప్రతి పేరు కిందా రెండు అంకెలు. నూరు ఆటల్లో ఎన్నిట్లో తనంతట డబ్బు పెట్టాడో మొదటిది, బల్ల మీద మూడు ఉమ్మడి ముక్కలు పరిచే ఫ్లాప్‌కు ముందే ఎన్నిట్లో పందెం పెంచాడో రెండోది. 12/9 ఉన్నవాడు పెంచాడంటే పక్కకు తప్పుకోవడమే. ఐదో బల్ల మీద ఒకడున్నాడు: 54/5. సగానికి పైగా ఆటల్లో దిగుతాడు, పెంచడం మాత్రం అరుదు.

ఈ ఏడాది జనవరిలో బహమాస్‌లో ర్యాండీ లూ అనే ఆన్‌లైన్ పోకర్ ఆటగాడు 8 గంటల్లో 23,493 ఆటలు ఆడి గిన్నిస్ రికార్డు కొట్టాడు. అన్నీ అయ్యాక మిగిలిన లాభం 7 డాలర్ల 65 సెంట్లు. నీ లెక్కా ఈ చిల్లరలోనే ఉంది. సైటు కమీషన్ పోను నూరు ఆటలకు నాలుగు పెద్ద బ్లైండ్లు మిగిలితే బాగా ఆడినట్టే. అంటే గంటకు 3 డాలర్ల 36 సెంట్లు.

ఐదో బల్ల టింగుమంది. ఇస్పేటు ఆసు, కళావరు ఆసు. 221 ఆటలకు ఒకసారి వచ్చే జత. 40 సెంట్లకు పెంచావు. 54/5 కాల్ చేశాడు, తనూ అంతే పెట్టాడు. ఫ్లాప్: రాణి, తొమ్మిది, నాలుగు. పందెం కాశావు, కాల్. ఈలోగా ఎనిమిదో బల్ల మీద ఫోల్డ్, రెండో బల్ల మీద ఫోల్డ్. నాలుగో ముక్క, టర్న్: రెండు. మళ్లీ పందెం, మళ్లీ కాల్. చివరి ముక్క, రివర్: ఏడు. నాలుగు డాలర్లు తోశావు. అరుదుగా పెంచేవాడు ఉన్నదంతా పెట్టేశాడు! అనుమానం వచ్చింది. కానీ పాట్‌లో, అంటే బల్ల మధ్య కుప్పలో, 17 డాలర్లున్నాయి, నువ్వు పెట్టాల్సింది మూడు. ఆరుసార్లలో ఒక్కసారి గెలిచినా గిట్టుబాటే. కాల్.

తొమ్మిది, ఏడు. అతనికి రెండు జతలు.

మూడు గంటల కూలి పోయింది. ఏడ్చే తీరిక లేదు, నాలుగు బల్లలు ఒకేసారి మోగుతున్నాయి. పేకాటలో పోగొట్టుకున్నవాణ్ని కుంగదీసే ఆ కాసేపు మౌనాన్ని ఈ హడావుడే మింగేస్తుంది. అదే హడావుడిలో ఎదుటివాడూ కనబడకుండా పోతాడు. ఐదో బల్లవాడి ముందు ఇప్పుడు ఇరవై డాలర్లున్నాయి, లేచే సూచన లేదు. అతను ఏ ముక్కలతో కాల్ చేస్తున్నాడో, ఎప్పుడు ఆలోచిస్తున్నాడో చూడాలి. అంకెలు అంత దూరం చెప్పవు.

ఐదో బల్ల మీద మళ్లీ పది డాలర్లు నింపావు. మిగతావాటిలో నాలుగు బల్లలు మూసేశావు.