పూల్ ఆటలో నిలకడ, క్యూ దెబ్బ
పూల్‌లో తెల్లబంతిని కొట్టేటప్పుడు దేహం నిలిచే పద్ధతి, చేయి కదిలే తీరు ఒకదాన్నొకటి నిర్ణయిస్తాయి. కుడిచేతివాటం ఆటగాడు కుడిపాదాన్ని గురి గీత మీద ఉంచి, ఎడమపాదాన్ని కాస్త ముందుకు, పక్కకు వేసి, గడ్డం క్యూకు, అంటే బంతిని కొట్టే కర్రకు, దగ్గరయ్యేలా వంగుతాడు. మోచేయి నిలకడగా ఉండి ముంజేయి లోలకంలా ఊగాలి. క్యూ కొస బంతిని తాకే క్షణాన ముంజేయి దాదాపు నిట్టనిలువుగా ఉంటుంది. పిడికిలి బిగిస్తే క్యూ పక్కకు జరుగుతుంది. కొత్తవారి గురి తప్పడానికి కన్ను కన్నా ఈ బిగింపే తరచు కారణం. ఫిలిప్పీన్స్ దిగ్గజం ఎఫ్రెన్ రేయెస్ ఆట చూస్తే వదులైన పట్టు విలువ తెలుస్తుంది.

సాధనకు 57 మిల్లీమీటర్ల తెల్లబంతి ఒక్కటి చాలు. దాన్ని సరిగ్గా నడిమధ్య కొట్టి, బల్ల ఎదుటి అంచునున్న కుషన్‌కు తగిలించి, క్యూను అక్కడే కదలకుండా ఉంచాలి. బంతి తిరిగొచ్చి క్యూ కొసనే తాకాలి. పక్కకు మళ్ళితే తెలియకుండానే స్పిన్ పడిందన్నమాట.