పోచంపల్లి నేర్పిన నాయకత్వము

ఉప్పల్ దాటి వరంగల్లు మార్గమున తూర్పునకు సాగినచో మొదట తగులు ఊళ్ళలో పీర్జాదిగూడ యొకటి. పీరు అనగా ఆధ్యాత్మిక గురువు. పీర్జాదా అనగా ఆ గురువు వంశమున పుట్టినవాడు. గూడ యన్నది మన తెలుగు పల్లెమాట. ఈ మార్గముననే ఘటకేసరు మీదుగా బీబీనగరు చేరి, అచ్చట దక్షిణమునకు తిరిగినచో పోచంపల్లి వచ్చును. ఒక మనుష్యుని ఆత్మసాధన నలుగురికి దారి చూపగలదా, జ్ఞానము లోకవ్యవహారమునకు అక్కరకు వచ్చునా యను ప్రశ్నకు 1951వ సంవత్సరమున ఆ గ్రామము ఒక సమాధానము చెప్పినది. ఆ సమాధానమును, దానిలోని కొరతను గూడ, మనము నేడు విచారింతము.

ఆనాటి తెలంగాణము శాంతిగా లేదు. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిమ్మట, వెట్టికిని దొరతనమునకును ఎదురుతిరిగిన రైతులు ఆయుధములు పట్టినారు. 1948 సెప్టెంబరులో నిజాము పాలన అంతరించినను పోరు చల్లారలేదు. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది. కాని చట్టము కాగితము మీదనుండి పొలముగట్టు మీదికి దిగివచ్చుటకు కాలము పట్టును. ఆలోపల పల్లెలలో పగలు పోలీసుల భయము, రాత్రి దళముల భయము. భూమి లేనివానికి ఆకలి, భూమి కలవానికి ప్రాణభీతి.

ఇట్టి తరుణమున ఆచార్య వినోబా భావే ఇటు వచ్చినారు. 1895లో మహారాష్ట్రదేశమున గాగోదె గ్రామములో జన్మించి, 1916లో గాంధీజీ ఆశ్రమము చేరిన వినోబా ముప్పది సంవత్సరములకు పైగా పేరుప్రతిష్ఠలకు దూరముగా నున్నారు. నూలు వడకుట, పాకీపని చేయుట, భాషలు నేర్చుట, శాస్త్రములు చదువుట—ఇదియే వారి దినచర్య. 1932లో ధూళియా చెరసాలలో తోటి ఖైదీలకు గీతపై పదునెనిమిది ప్రసంగములు చేసినారు. సానే గురూజీ వానిని వ్రాసికొనగా, అవియే తరువాత గీతా ప్రవచనములను గ్రంథమైనవి. 1940లో వ్యక్తిసత్యాగ్రహమునకు మొదటి సత్యాగ్రహిగా గాంధీజీ వారిని ఎన్నుకొన్నప్పుడే దేశములో పెక్కుమంది వారి పేరు విన్నారు.

1951 ఏప్రిలులో హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగినది. వినోబా రైలెక్కక, వార్ధా ప్రాంతమునుండి సుమారు 300 మైళ్ళు నడచి వచ్చినారు. తెలంగాణ పల్లెలకు బయలుదేరుటకు ముందు చెరసాలలోని కమ్యూనిస్టు ఖైదీలను కలిసికొని వారి మాటయు విన్నారు. నాయకుడగువాడు తనతో ఏకీభవింపనివారి యొద్దకు తానై పోయి వినుట చిన్నసంగతి కాదు.

ఏప్రిలు 18వ తేదీన వారు పోచంపల్లి చేరినారు. హరిజనవాడకు పోయి వారి కష్టము లడిగినారు. కూలి చాలుట లేదు, దున్నుకొనుటకు భూమి కావలెనని వారనిరి. ఎంత కావలెనని ప్రశ్నింపగా, నలువది ఎకరముల తరి, నలువది ఎకరముల మెట్ట, మొత్తము 80 ఎకరములు చాలునన్నారు. ఇక్కడ మనము ఒక విశేషమును గమనింపవలెను. వినోబాకు మొదట తోచిన దారి ప్రభుత్వమునకు అర్జీ పెట్టుటయే. కాని అంతటితో ఆగక, ప్రభుత్వమువలన జాప్యమైనచో ఊరివారెవరైనా ఏమైనను చేయగలరా యని అక్కడ కూడినవారిని అడిగినారు. అప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి లేచి, కీర్తిశేషుడైన తన తండ్రి కోరికను తలచుకొని, 100 ఎకరములు ఇత్తునన్నారు. అడిగినది ఎనుబది, వచ్చినది నూరు. భూదానోద్యమమునకు అదియే బీజము.

దీనిని కొందరు మహిమ యనిరి. మేము అట్లనుకొనము. ఆ సాయంకాలము వెనుక నున్నవి రెండు. ఒకటి, వినోబా సాధన. తనకంటూ ఏమియు కూడబెట్టని మనిషి అడిగినప్పుడు ఆ యాచనకు బలము కలుగును. అడుగువాని చేయి ఖాళీగా నున్నదో, వెనుక మూట దాచుకొన్నదో జనమునకు చప్పున తెలియును. రెండవది, అయిదేండ్ల రైతుపోరాటము. భూమి దున్నువానిదని పల్లె పల్లెన మారుమ్రోగియుండనిచో ఆ ప్రశ్న కంత పదును ఉండెడిది కాదు. మొదటిదానిని మాత్రమే చెప్పినచో చరిత్ర కథయగును. రెండవదానిని మాత్రమే చెప్పినచో, ఇచ్చినవాని హృదయమునకు విలువ లేకపోవును.

దానమనగా భిక్షము కాదు, ఉన్నదానిని తగువిధముగా పంచుకొనుట యని శంకరాచార్యుల వివరణమును వినోబా తరచుగా స్మరించెడివారు. అయిదుగురు కొడుకులున్నవారు నన్ను ఆరవ కొడుకుగా భావించి నా పాలు నాకిండని భూస్వాములతో చెప్పెడివారు. ఇది బ్రతిమాలుట కాదు; ప్రేమతో హక్కు నడుగుట. తెలంగాణలో 51 దినముల పాదయాత్రలో 12 వేల ఎకరములకు పైగా భూమి లభించినది. అదే సంవత్సరము అక్టోబరులో కమ్యూనిస్టులు సాయుధపోరాటమును విరమించినారు. వినోబా యాత్ర సుమారు పదమూడేండ్లు దేశమంతట సాగినది. 1958లో రామన్ మెగసెసే పురస్కారము మొదటిసారి ఇచ్చినప్పుడు సమాజ నాయకత్వమునకు గాను అది వారికే లభించినది.

ఇక కొరత సంగతి. 1957 నాటికి అయిదుకోట్ల ఎకరములు సేకరింపవలెనని సంకల్పము. లభించినది నలువది లక్షలకు పైబడిన మాత్రమే. అందులో కొంత బంజరు, కొంత వివాదగ్రస్తము, కొంత మాటగానే మిగిలినది. పంపకము సేకరణము వెనుక చాల దూరమున కుంటుచు నడచినది. మన రాష్ట్రమున భూదాన గ్రామదాన చట్టము 1965లో వచ్చినది. అయినను నగరము పెరిగి భూమి ధర ఆకాశమంటినకొలది, ఈ ప్రాంతములలో భూదాన భూములపై వ్యాజ్యములు న్యాయస్థానములకు ఎక్కినవి. దాత మనస్సు మారిన ఒక్క సాయంకాలము చాలదు. పట్టా వ్రాయువాడు, హద్దురాయి పాతువాడు, ఎద్దులు, విత్తనములు సమకూర్చువాడు, ఏండ్ల తరబడి కావలి కాయువాడు కావలెను. ఋషి ముందుకు నడచిపోయిన తరువాత ఊరిలో నిలిచి పనిచేయువారు చాలినంతమంది లేకపోయిరి. ఉద్యమము తడబడినది ఇక్కడనే.

కనుక పోచంపల్లి పాఠము రెండు భాగములు గలది. తన్ను తాను దిద్దుకొననివాడు ఇతరులను కదలింపలేడన్నది మొదటిది. కదలిన హృదయమును నిలుపుటకు లెక్క, పత్రము, ఓర్పు గల సేవ కావలెనన్నది రెండవది. ధ్యానము మొదటిదానిని ఈయగలదు. రెండవదానిని మాత్రము శ్రద్ధతో కూడిన కర్మయే ఈయవలెను. గీత చెప్పిన లోకసంగ్రహమునకు ఈ రెండును కావలెనని మేము తలంతుము.

పీర్జాదిగూడ నేడు పల్లె కాదు. 2019లో నగరపాలక సంస్థ యైనది. ఒకనాడు ఎకరములలో కొలిచిన నేలను ఇప్పుడు చదరపు గజములలో కొలుచుచున్నారు. చెరువుగట్టు, ఆటస్థలము, నాలా, దారి—ఉమ్మడి సొత్తునకు సంబంధించిన ప్రశ్నలు కాలనీ సంఘములోను, వార్డు సభలోను దినదినము లేచుచునే యున్నవి. అట్టి సభలో పెద్దరికము వహించువారు పోచంపల్లిలో వినోబా అడిగిన ప్రశ్ననే అడుగవచ్చును: ప్రభుత్వము చేయవలసినది చేయుగాక, ఈలోపల మనలో ఎవరైనా ఏమైనను చేయగలరా? ఆ ప్రశ్న వేయుటకు ముందు తమ చేయి ఖాళీగా నున్నదా యని ఒకసారి చూచుకొనవలెను. సమాధానము వచ్చిన పిదప దానిని వెంటనే కాగితముపై వ్రాసి, మరునాడు హద్దురాయి పాతవలెను.